అర్థమైంది సార్

ఆదివారం పదిగంటల క్లాసుకి అనంతపద్మనాభం మాస్టారు తొమ్మిదిన్నరకే తయారైపోయారు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. కెమెరాలో నడుము పైభాగమే కనిపిస్తుందని మొదటి వారమే కనిపెట్టారు. ముందుగదిలో కుర్చీ వెనక గోడకి ఉన్న పాత క్యాలెండరు తీయించేశారు. లాప్‌టాప్ పక్కన కొత్త నోట్సు, రెండు పెన్నులు, అడుగు స్కేలు వరసగా పెట్టుకున్నారు.

ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు. దేవరాపల్లి రోడ్డులో ఉన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన బండి గేటు దాటుతున్న చప్పుడు వింటే పదో తరగతి వరండాలో మాటలు ఆగిపోతాయి. చోడవరంలో ఎవరి పిల్లకైనా లెక్కలు రావడం లేదంటే, "పద్మనాభం మాస్టారి చేతిలో పడితే దార్లోకొస్తాది" అంటారు. అలాంటి మనిషి ఈ అక్టోబరులో ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ ఎమ్మెస్సీలో చేరారు. ప్రమోషన్ కోసమని స్టాఫ్‌రూములో చెప్పారు. చదవాలనిపించిందని చెప్పడానికి సిగ్గేసింది.

తెర మీద నలభై ఒక్క గళ్ళు వచ్చాయి. చాలావాటిలో మనుషుల్లేరు, పేర్లలోని మొదటి అక్షరాలే ఉన్నాయి. పాఠం చెప్పే కేదార్‌కి ముప్పయ్యేళ్ళుంటాయి. మాట వేగం. రాసే వేగం ఇంకా ఎక్కువ. ఏడో వారం పాఠం నడుస్తోంది. మాస్టారికి మూడో వారం నుంచి ఏమీ అర్థం కావడం లేదు.

"ఇక్కణ్ణించి ఇది ట్రివియల్" అన్నాడు కేదార్. చెప్పక్కర్లేనంత సులువని. పేజీ తిరిగిపోయింది. మాస్టారు గబగబా నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. ఇంతలో తన పేరు వినబడింది.

"అనంతపద్మనాభం గారూ, మీరు సీనియర్ టీచర్ కదా. మీకు క్లియరేనా?"

మాస్టారు మైకు బొమ్మ వెతికి నొక్కారు. తెర మూలన చిన్న గడిలో తన మొహం తనకే కనిపిస్తోంది. ఆ మొహం రెండుసార్లు తలాడించింది.

"క్లియర్ సర్. చాలా క్లియర్‌గా ఉంది."

తల వంచి, స్కేలు పెట్టి, నోట్సులో చివరి వాక్యం కింద గీత గీశారు. దాని కింద ఇంకో గీత గీశారు.

క్లాసు అయ్యాక వంటింటి గుమ్మంలో నుంచి భార్య శ్రీదేవి అడిగింది. ఆమె చోడవరం పోస్టాఫీసులో క్లర్కు. ఆదివారం కాబట్టి తీరిగ్గా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఏటండీ, ఎలా చెప్పేడివాళ?"

"బావుంది. కుర్రాడు బాగా చెప్తాడు."

ఆవిడ ఆయన మొహంకేసి ఒక్క క్షణం చూసి, మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. మాస్టారు నోట్సు ముందుకి వెనక్కి తిరగేశారు. ఇవాళ నాలుగు పేజీలు రాశారు. అందులో తనది అనదగ్గ మాట ఒక్కటీ లేదు.

సోమవారం మొదటి పీరియడు పదో తరగతి బి సెక్షను. శ్రేఢులు. మాస్టారు బోర్డు మీద పావు, అర, ముప్పావు అని వరసగా రాసి, ఇరవై ఒకటో పదం ఎంతో కట్టారు. మధ్యలో ఇరవై ఒకటికి బదులు పన్నెండు రాసి, నాలిక కరుచుకుని, దాని మీద ఏటవాలుగా ఒక గీత కొట్టి, పక్కన సరిగ్గా రాశారు. చివరికి జవాబు చుట్టూ పెట్టె గీసి వెనక్కి తిరిగారు.

"దేవిశ్రీ, లే."

మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండు జడలూ మడిచి కట్టిన రిబ్బన్లలో ఒకటి ఎప్పుడూ జారిపోతూనే ఉంటుంది.

"అర్థమైందా?"

"అర్థమైంది సార్."

రెండుసార్లు తలాడించింది. తల వంచి, నిలబడే, స్కేలు పెట్టి జవాబు కింద గీత గీసింది. దాని కింద ఇంకో గీత గీసింది.

మాస్టారు ఇలాంటప్పుడు ఒక మాట అంటారు. "అర్థమైతే బోర్డు దగ్గరకి రా. లేదంటే మీ నాన్న చెరుక్కి మనుషులు దొరకడం లేదట, అటు పో." క్లాసు ఆ మాట కోసమే చూస్తోంది. వెనక బెంచీలో సన్నీగాడు అప్పుడే చేతిలో మొహం పెట్టుకున్నాడు, నవ్వడానికి. దేవిశ్రీ కూడా పెదవుల మీదకి ఒక నవ్వు తెచ్చుకుని సిద్ధంగా ఉంది. అందరితో పాటు తనూ నవ్వేస్తే అక్కడితో అయిపోతుందని ఆ పిల్లకి అనుభవం.

మాస్టారు ఆ పిల్లకేసి చూశారు. నిన్న తెర మూలన చిన్న గడిలో చూసిన మొహమే ఇప్పుడు మూడో బెంచీలో ఉంది.

"కూర్చో" అన్నారు. క్లాసుకి ఏదో తక్కువైనట్టయింది.

ఆ పూట ముప్పై రెండు నోట్సులూ స్టాఫ్‌రూముకి తెప్పించుకున్నారు. మామూలుగా ఆయన జవాబు చూసి టిక్కు కొట్టి పక్కన పెడతారు. ఇవాళ మొదటి వాక్యం నుంచి చదివారు. దేవిశ్రీ చేతిరాత ముత్యాల్లా ఉంది. మార్జిన్లు ఎర్ర పెన్నుతో గీసుకుంది. పావు, అర, ముప్పావు. ఆ తరవాత పన్నెండు. ఆ పన్నెండు మీద ఏటవాలుగా ఒక గీత. ఆయన బోర్డు మీద ఎంత వాలుగా కొట్టారో అంతే వాలు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆ పిల్ల తప్పు చేసి కొట్టేసింది కాదు. తన కొట్టివేతని కూడా ఎక్కించుకుంది. బోర్డు మీద ఉన్నది లెక్కని ఆమెకి తెలీదు. అదొక బొమ్మ. ఉన్నది ఉన్నట్టు దించింది.

మిగతావి మళ్ళీ తిరగేస్తే ఇంకో ఐదు నోట్సుల్లో ఆ పన్నెండు కనిపించింది.

"ఏటి మాస్టారూ, టీ చల్లారిపోతంది" అంది పక్క కుర్చీలో ఇంగ్లీషు టీచరు దుర్గాదేవి.

ఆయన వినిపించుకోలేదు. హెడ్మిస్ట్రెస్ వరహాలక్ష్మి గారు గుమ్మంలో నిలబడి గుర్తు చేశారు. "మాస్టారూ, సి గ్రూపు లిస్టు బుధవారానికి నాకిచ్చేయండి. వాళ్ళని వేరే వరండాలో కూర్చోబెట్టి, వచ్చే ప్రశ్నలు బట్టీ పట్టిద్దాం. వాళ్ళకి లెక్కలు చెప్పి టైం పాడుచేసుకోకండి. పాసు మార్కులొస్తే చాలు."

లిస్టు ఆయన జేబులోనే ఉంది. శుక్రవారమే రాశారు. మొదటి పేరు దేవిశ్రీది.

మంగళవారం క్లాసులో బోర్డు మీద ఏమీ రాయకుండా అడిగారు. "నిన్నటిది అర్థం కానివాళ్ళు చెయ్యెత్తండి. ఏమీ అనను."

ఒక్క చెయ్యీ లేవలేదు. 'ఏమీ అనను' అన్న మాట పిల్లలకి కొత్త కాదు. కిందటేడాది అలాగే అన్నారు. ఒకడు చెయ్యెత్తాడు. ఆ తరవాత పీరియడంతా వాడే పాఠమైపోయాడు. ఆ సంగతి మాస్టారు మరిచిపోయారు. పిల్లలెవరూ మరిచిపోలేదు.

ఇంటర్వెల్లో దేవిశ్రీని వరండాలోకి పిలిచారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"ఎక్కడ తెలీడం లేదో చెప్పమ్మా."

"అన్నీ తెలుసు సార్."

"నిన్న లెక్కలో పన్నెండు ఎందుకొచ్చింది?"

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "రేపట్నించి బాగా సదువుతాను సార్" అంది. "ఇంకెప్పుడూ అలా సెయ్యను సార్."

ఏం చెయ్యనంటోందో ఆమెకే తెలీదు. మాస్టారు ఇంకేం అడగాలో తోచక, వెళ్ళమన్నారు. వెళ్ళమన్న మాట వినగానే ఆమె భుజాలు కిందకి దిగడం చూశారు.

సాయంత్రం తిరిగొస్తుంటే రోడ్డు పక్కన చెరుకు ట్రాక్టరు ఆగి ఉంది. లోడు ఒక పక్కకి ఒరిగితే ఇద్దరు మనుషులు మోకులు బిగిస్తున్నారు. అందులో ఒకాయన తలపాగా విప్పి దగ్గరకొచ్చాడు. దేవిశ్రీ తండ్రి పరదేశి.

"దణ్ణం బాబూ. మా గుంట ఎలా సదువుతంది?"

"చదువుతోంది పరదేశీ."

"తెల్లారగట్ల లేస్తాది బాబూ. ఆ పుస్తకంలో ఉన్నదే మళ్ళీ ఇంకో పుస్తకంలోకి రాస్తాది. అది అయిపోతే ఇంకోటి కొనమంటాది. ఎందుకే రాసిందే రాస్తావు అనడిగేను. రాయగా రాయగా వచ్చేస్తాది నాన్నా అంది. నాకు సదువు లేదు కదా, నిజివేనేమో అనుకున్నాను." చేతికంటిన చెరుకు నూగు పంచెకి తుడుచుకున్నాడు. "దాన్ని ఒగ్గీకండి బాబూ. రెండు దెబ్బలేసినా నానేటీ అనుకోను."

మాస్టారు బండి మీద అలాగే ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డారు. దెబ్బలక్కర్లేదు అనబోయి, తలూపి బండి స్టార్ట్ చేశారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే లాప్‌టాప్ తెరిచారు. కోర్సు మానేస్తున్నట్టు యూనివర్సిటీకి ఉత్తరం మొదలుపెట్టారు. 'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాశారు. శ్రీదేవి కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ తెర చూసింది. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకేమీ అర్థం కావడం లేదు శ్రీ" అన్నారాయన. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆయన నోట ఆ మాట ఆవిడ వినలేదు. "ఆదివారం అతను అడిగితే చాలా క్లియర్‌గా ఉందని చెప్పేను. అందరి ముందూ."

"విన్నాను."

"అబద్ధమని తెలుసా నీకు?"

"తెలీదేటి?" ఆవిడ చీర కొంగుతో గ్లాసు చుట్టూ ఒలికిన కాఫీ తుడిచింది. "పెళ్ళైన రెండో ఏడు కాలేజీ గ్రౌండులో నాకు స్కూటర్ నేర్పేరు, గుర్తుందా?"

"గుర్తుంది. నీకు రాలేదు."

"క్లచ్చి, గేరు, బ్రేకు అన్నీ ఒక్కసారే చెప్పేసి, అర్థమైందా అన్నారు. అర్థమైందన్నాను. మళ్ళీ అడిగేరు. మళ్ళీ అదే అన్నాను. మూడోరోజు తలనొప్పని రాలేదు."

"మరి రాలేదని చెప్పొచ్చు కదా?"

"మీ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదండీ. అంత సులువైంది కూడా దీనికి రాదా అనుకుంటారని." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరిదో కబురు చెప్తున్నట్టు చెప్పింది. "అప్పట్నించీ పోస్టాఫీసుకి నడిచే వెళ్తన్నాను. పోనీలెండి, సుగరు రాలేదు."

ఆవిడ నవ్వింది. మాస్టారు నవ్వలేకపోయారు. ఆవిడ చెయ్యి బల్ల మీద ఉంది. దాని మీద తన చెయ్యి వేశారు. పోస్టాఫీసు ముద్రల సిరా ఆవిడ చూపుడువేలి గోరు పక్కన ఎప్పుడూ ఉంటుంది. ఆ నల్లమచ్చని బొటనవేలితో రాస్తూ చాలాసేపు కూర్చున్నారు.

"ఆ కుర్రాడికే రాయండి" అంది ఆవిడ లేస్తూ. "మహా అయితే ఏటంటాడు?"

ఉత్తరం చెరిపేసి కేదార్‌కి నాలుగు వాక్యాలు రాశారు. 'ఆదివారం మీతో నిజం చెప్పలేదు. మూడో వారం నుంచి నాకు అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. సహాయం చెయ్యగలరా?' ఆ నాలుగు వాక్యాలకి నలభై నిమిషాలు పట్టింది. పంపే బొమ్మ మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కారు.

బుధవారం పొద్దున్న స్కూలు గేటు దగ్గర ఫోను మోగింది, కేదార్ జవాబు. 'చెప్పినందుకు థాంక్స్ సర్. మూడో వారం వీడియో మళ్ళీ ఒకసారి చూడండి.'

అంతే. ఆ వీడియో ఆయన ఐదుసార్లు చూశారు. ముందు కోపం వచ్చింది. గేటు నుంచి స్టాఫ్‌రూము దాకా నడిచేలోపు ఆ కోపం పోయింది. తెలీదన్న వాళ్ళతో తనెప్పుడూ అనేదీ అదే. నోట్సు మళ్ళీ చూసుకో.

వరహాలక్ష్మి గారు చెయ్యి చాపారు. "లిస్టు మాస్టారూ?"

"నాకు నెలరోజులు ఇవ్వండి మేడమ్. అందరూ నా క్లాసులోనే ఉంటారు."

"నెల్రోజులా! ఎవరైనా తప్పితే పైవాళ్ళకి సమాధానం మీరు చెప్తారా?"

"నేనే చెప్తాను."

ఆవిడ ఆయన్ని వింతగా చూసి, "రాసివ్వండి మరి" అన్నారు. రాసిచ్చారు.

క్లాసులోకి వెళ్ళి, బోర్డంతా శుభ్రంగా తుడిచి, తన నోట్సు తీసి మూడో వారం నిర్వచనాన్ని తెలుగులో రాశారు. రెండు వాక్యాలు. పిల్లలు పెన్నులు తీసి ఎక్కించుకోబోయారు.

"రాయకండి. ఇది మీది కాదు, నాది. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఇది నా పాఠం." సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "నాకు ఇది అర్థం కాలేదు."

ఎవరూ కదల్లేదు. ఇందులో ఏదో మెలిక ఉందని, ఎవరో ఒకరు ఇరుక్కుంటారని చూస్తున్నారు. చివరికి సన్నీ లేచాడు.

"పరీక్షలో వస్తాదా సార్?"

"మీకు రాదు. నాకొస్తుంది. జనవరిలో."

"మీరు కూడా పరీక్ష రాస్తారా సార్!"

"రాస్తాను. ఇలాగే ఉంటే ఫెయిలైపోతాను."

ఒకరిద్దరు నవ్వారు. నవ్వి, భయంగా ఆగారు. మాస్టారూ నవ్వడం చూసి మళ్ళీ నవ్వారు. మొదటి బెంచీలో ఝాన్సీ లేచింది. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల.

"మరి మీ సార్ని అడిగీవచ్చు కదా సార్?"

"ఏడో వారం దాకా అడగలేదమ్మా. భయమేసింది."

"కొడతారా సార్?"

"కొట్టడు. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు." మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. క్లాసులో ఆయన కుర్చీలో కూర్చోవడం పిల్లలు చూడలేదు. "నవ్వుతాడేమోనని. ఇన్నేళ్ళొచ్చాయి, ఇది కూడా తెలీదా అంటాడేమోనని. అందుకని అతను అడిగినప్పుడల్లా అర్థమైందనే చెప్పాను."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం లేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

మూడో బెంచీలో దేవిశ్రీ లేచింది. ఎవరూ పిలవలేదు. లేచాక ఏం చెయ్యాలో తెలీనట్టు జారిన రిబ్బను పట్టుకుంది.

"మీకు ఎప్పట్నించి అర్థమవలేదు సార్?"

"మూడో వారం నుంచి."

ఆ పిల్ల రిబ్బను వదిలేసింది.

"నాకు ఆరో తరగతి నించి సార్."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు అటు చూడలేదు కూడా. ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఆరో తరగతికి లెక్కలు చెప్పింది కూడా ఆయనే. ఐదేళ్ళు. ఈ పిల్ల ఐదేళ్ళు తన ఎదురుగా కూర్చుని, రోజూ ఒకే మాట చెప్పింది.

"ఆరులో ఎక్కడమ్మా?"

"ఒకటి కింద మూడు, ఒకటి కింద నాలుగు ఉంటాయి కదా సార్. అవి."

మధ్యాహ్నం ఆటల పీరియడులో ఆమెని క్లాసులోనే ఉండమన్నారు. బయట పిల్లలు కబడ్డీ కూత పెడుతున్నారు. మాస్టారు బోర్డు మీద రెండు భిన్నాలూ రాసి, ఏది పెద్దదని అడిగారు.

"నాలుగుది సార్. నాలుగు పెద్దది కదా."

ఆయన ఒక గుండ్రటి రొట్టె గీసి మూడు ముక్కలు చేశారు. పక్కన ఇంకోటి గీసి నాలుగు చేశారు. పుస్తకంలో అలాగే ఉంటుంది. చెప్పి, అర్థమైందా అన్నాక ఆమె తల కదలడం మొదలైంది. ఒకసారి కిందకి వెళ్ళి, సగంలో ఆగింది.

"నేదు సార్."

"సరే" అన్నారు మాస్టారు. తుడిచేసి నిలువు గీతలతో మళ్ళీ చెప్పారు.

"నేదు సార్." ఈసారి కొంచెం తొందరగా వచ్చింది.

ఆయన సుద్ద చేతిలో తిప్పుతూ ఆలోచించారు. ఇంకో దారి తెలీలేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆయనకి ఈ రెండు దారులే సరిపోయాయి. లేదా, సరిపోయాయని పిల్లలు చెప్పారు. వెళ్ళి ఆమె బెంచీ మీదే, పక్కన జాగా వదిలి కూర్చున్నారు.

"ఇంట్లో ఎప్పుడైనా మూడో వంతు అనే మాట విన్నావా?"

"విన్నాను సార్. మా నాన్నకి బూమిలో వచ్చింది మూడో వంతే. మా తాతకి ముగ్గురు కొడుకులు. ఇంకో బాబాయి ఉండీవోడట సార్, సిన్నప్పుడే జొరం వచ్చి పోనాడు. మా దేముడమ్మ మామ్మ ఇప్పుడికీ ఏడుస్తాది. ఆయనుంటే మా నాన్నకి నాలుగో వంతే వచ్చును..."

ఆగిపోయింది. బోర్డు వంక చూసింది. ఒకటి కింద మూడు. ఒకటి కింద నాలుగు. పెదవులు కదుపుతోంది, చప్పుడు లేకుండా. మాస్టారు కదలకుండా కూర్చున్నారు. జవాబు నోటి చివరిదాకా వచ్చింది. పళ్ళ మధ్య ఆపుకున్నారు.

"నాలుగో వంతు తక్కువే సార్" అంది దేవిశ్రీ నెమ్మదిగా. "మనుసులు ఎక్కువైతే వాటా తగ్గిపోతాది."

మాస్టారు ఒక్క ఉదుటున లేచారు. ఆయన బోర్డు దగ్గరకి అంత వేగంగా వెళ్ళి చాలా ఏళ్ళయింది. "అదీ! అదే! మరి నలుగురిలో ఇద్దరి వాటాలు కలిపితే సగం, ఆ సగంలోంచి ఒక వాటా తీసేస్తే మిగిలేది పావు, అంటే నీ శ్రేఢిలో పదానికీ పదానికీ తేడా ఎప్పుడూ అదే పావు, దానికి హారాలు సమానం చేస్తే..." చెయ్యి బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తుతోంది. సుద్దపొడి చొక్కా మీద రాలుతోంది.

"సార్."

ఆయన వెనక్కి తిరిగారు.

దేవిశ్రీ లేచి నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకోలేదు. ఒక చెయ్యి ఎత్తి, రోడ్డు మీద బండిని ఆపినట్టు, ఆయనకేసి చాపింది.

"ఆగండి సార్. బేగి బేగి ఎల్లిపోతన్నారు."